నీహారిక ఫొటో వేసినప్పుడు రంగుల లెక్క కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో ‘సృష్టి స్తంభాల’ మీద, అంటే నక్షత్రాలు పుట్టే నీహారికలో స్తంభాల్లా నిలిచిన వాయువు, దుమ్ము మేఘాల మీద వచ్చిన పేజీ గురించీ, దానిపై ఈ వారం మీరు ప్రచురించిన ఒక పాఠకుడి లేఖ గురించీ రాస్తున్నాను. ఇవన్నీ కంప్యూటర్‌లో అద్దిన రంగులనీ, ఇదే బొమ్మ తన ఫోనులో నారింజ రంగులో కనిపిస్తే మీ పత్రికలో బూడిద రంగులో వచ్చిందనీ, చుక్కకు ఎనిమిది కొమ్ములేమిటనీ, ఏది నిజమో నాసా వాళ్లకే తెలియదనీ ఆయన తేల్చేశారు. ఆయన మీద నాకు కోపం లేదు. మీరు ఆయన చేతికిచ్చింది ఒక ఫొటో, దాని కింద ‘నక్షత్రాల పేలుడు: అబ్బురపరుస్తున్న వెబ్ టెలిస్కోప్ దృశ్యం’ అన్న ఒక ముక్క. ఏ కాంతిలో తీశారో లేదు, ఎంత దూరమో లేదు, ఏ రంగు దేనికి గుర్తో లేదు. అనుమానం రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

నేను విజయవాడలో ఆఫ్‌సెట్ ప్రెస్సులకు కలర్ సెపరేషన్ చేసి రిటైరైనవాడిని. క్యాలెండర్లు, వారపత్రికల అట్టలు, సినిమా పోస్టర్లు, దేవుడి పటాలు అన్నీ మా లైట్ టేబుల్ మీదుగా వెళ్లినవే. ఆ పాఠకుడు అడిగింది ఖగోళ శాస్త్రం ప్రశ్న కన్నా అచ్చు పని ప్రశ్న ఎక్కువ. కాబట్టి జవాబు చెప్పే హక్కు నాకు కొంత ఉందనుకుంటున్నాను.

కలర్ బొమ్మ అచ్చు కావాలంటే ముందు దాన్ని విడదీయాలి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల గుండా అదే బొమ్మను విడివిడిగా తీస్తాం. చేతికి వచ్చే ఫిల్ములన్నీ నలుపు తెలుపే. ఎర్ర ఫిల్టరు ఫిల్ముకు సయాన్ (ఆకాశనీలం) ఇంకు, ఆకుపచ్చ ఫిల్టరు ఫిల్ముకు మెజెంటా (ముదురు గులాబీ), నీలం ఫిల్టరు ఫిల్ముకు పసుపు, నీడలు నిలబడటానికి నలుపు. నాలుగు ఫిల్ములనూ టేబుల్ మీద పరిస్తే ఏ ఒక్కదానిలోనూ రవ్వంత రంగు ఉండదు. మూలన పెన్నుతో పెట్టిన గుర్తును బట్టే ఏ ప్లేటుకు ఏ ఇంకు పోయాలో మెషిన్‌మ్యాన్‌కు తెలుస్తుంది. మెజెంటా ప్లేటుకు సయాన్ పోశాడా, ఇక వెంకటేశ్వరస్వామి నీలంగా తిరుగుతాడు.

అంతరిక్షంలో ఉన్న జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పని కూడా ఇదే పద్ధతి. దాని కెమెరాలోని గ్రాహకానికి (సెన్సరుకు) రంగు తెలియదు. ఎంత కాంతి పడిందో మాత్రమే అది లెక్కపెడుతుంది. ఎదుట ఒక్కో ఫిల్టరు మార్చుకుంటూ తీస్తే ఒక్కో నలుపు తెలుపు బొమ్మ వస్తుంది. 2022 అక్టోబరు 19న విడుదలైన సృష్టి స్తంభాల బొమ్మకు ఆరు ఫిల్టర్లు వాడారు. అన్నిటికన్నా పొట్టి తరంగం 0.9 మైక్రాన్లు, పొడవైనది 4.7 మైక్రాన్లు; మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన కన్ను దాదాపు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల మధ్య మాత్రమే చూడగలదు. అంటే ఆ ఆరింటిలో ఒక్కటీ మన కంటికి కనిపించే కాంతి కాదు. ప్రెస్సులో మాకు ఒక సుఖం ఉండేది: ప్రూఫ్ తీశాక ఒరిజినల్‌ను పక్కన పెట్టుకుని తేడా సరిచేసుకునేవాళ్లం. వాళ్లకు ఆ వీలు లేదు. కంటికి అందని కాంతికి ఒరిజినల్ ఎక్కడి నుంచి వస్తుంది?

అందుకని వాళ్లు ఒక నియమం పెట్టుకున్నారు. పొట్టి తరంగానికి నీలం వైపు రంగు, పొడుగు తరంగానికి ఎరుపు వైపు రంగు. వానవిల్లులో ఉన్న వరుసే ఇది; దాన్ని చెదరగొట్టకుండా కంటికి అందే మేరకు జరిపారు, అంతే. నచ్చిన చోట నచ్చిన రంగు పోసే స్వేచ్ఛ అందులో లేదు. పైగా కొన్ని ఫిల్టర్లు ఒక్కో పదార్థం కోసం ఎంచుకున్నవి. 1.87 మైక్రాన్ల ఫిల్టరు వేడెక్కి అయనీకరణం చెందిన, అంటే ఎలక్ట్రాన్ ఊడిపోయిన హైడ్రోజన్ వెలుగును పడుతుంది. 3.35 మైక్రాన్లది దుమ్ములోని కర్బన సమ్మేళనాల మెరుపును పడుతుంది. 4.7 మైక్రాన్లది తాకిడికి ఉద్రేకం పొందిన హైడ్రోజన్ అణువులను పడుతుంది. ఈ చివరిదానికి ఎరుపు ఇచ్చారు. ఆ బొమ్మలో స్తంభాల అంచుల వెంట లావా ఒలికినట్టు వంకర టింకర ఎర్ర గీతలు కనిపిస్తాయి. లోపల తయారవుతున్న పసి నక్షత్రాలు వాయుధారలను ఎగజిమ్మితే, అవి వెళ్లి చుట్టుపక్కల హైడ్రోజన్‌ను కొట్టుకున్న చోట్లు అవి. ఆ నక్షత్రాల వయసు కొన్ని లక్షల ఏళ్లకు మించదని శాస్త్రవేత్తల అంచనా. 460 కోట్ల ఏళ్ల మన సూర్యుడి ముందు అవి పొత్తిళ్లలో ఉన్నట్టే. ఆ ఎరుపును చూసి ఎవరో అలంకారానికి పూశారు అనుకుంటే, బొమ్మలోని అసలు వార్తను చెరిపేసినట్టు అవుతుంది.

ఇప్పుడు మీ పేజీకి వస్తాను. మీరు పక్కపక్కన రెండు ఫొటోలు వేశారు. ఒకటి హబుల్ అంతరిక్ష టెలిస్కోప్ తీసింది, రెండోది వెబ్ తీసింది. వ్యాసంలో ‘దుమ్ము తెరను చీల్చుకుని వేలాది నక్షత్రాలు దర్శనమిచ్చాయి’ అని రాశారు. కానీ మీరు వేసిన వెబ్ బొమ్మలో నక్షత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి! ఎందుకంటే అది అక్టోబరు 28న విడుదలైన వేరే బొమ్మ. అదే టెలిస్కోప్‌లోని మరో కెమెరా, ఇంకా పొడవైన తరంగాలలో, అంటే మధ్య పరారుణంలో తీసింది (ఎరుపుకు ఆవల కంటికి కనిపించని కాంతే పరారుణం). ఆ తరంగాలలో సామాన్య నక్షత్రాలు మసకబారిపోతాయి, వాటికి బదులు దుమ్మే వెలుగుతుంది. స్తంభాలు బూడిద వన్నెలో, తెల్లవారుజామున మంచులో నిలబడ్డ దయ్యాల్లా ఉంటాయి. వ్యాసం ఒక బొమ్మది, ఫొటో ఇంకొక బొమ్మది. మీ పాఠకుడు ఫోనులో చూసిన నారింజ రంగుది మొదటిది, పత్రికలో చూసిన బూడిద రంగుది రెండోది. రెండూ నిజమే. ఆ ముక్క ఒక్కటి కింద రాసి ఉంటే ఆయనకు ఆ లేఖ రాసే పనే ఉండేది కాదు.

ఇంకొకటి. వెబ్ బొమ్మను కాలమ్‌లో ఇమడటానికి అడ్డంగా పడుకోబెట్టారు. ఆకాశంలో పైనేమిటి, కిందేమిటి అని మీ పేజీ మేకప్ చేసిన కుర్రవాడు అనవచ్చు. నిజమే. అయితే పక్కనున్న హబుల్ బొమ్మ నిలువుగా ఉంది కదా! రెండిటినీ పోల్చి చూడమని చెప్పి, ఒకదాన్ని పడుకోబెడితే పోల్చేదెలా? స్తంభాల కొనలు ఎటు చూస్తున్నాయన్నది కూడా ఇక్కడ ముఖ్యమే. బొమ్మ చట్రానికి ఆవల, కొనలకు ఎగువన, భారీ నక్షత్రాల గుంపు ఒకటి ఉంది. వాటి అతినీలలోహిత కాంతి ఈ మేఘాన్ని అరగదీస్తోంది. గట్టిగా చిక్కబడ్డ చోట మేఘం నిలిచింది, పలుచని చోట కరిగిపోయింది. మిగిలినవే స్తంభాలు.

హబుల్ బొమ్మ సంగతి కూడా చెప్పుకోవాలి, ఎందుకంటే దాని రంగుల కథ వెబ్ కథకన్నా తమాషాగా ఉంటుంది. అది 1995లో జెఫ్ హెస్టర్, పాల్ స్కోవెన్ తీసినది. గంధకం, హైడ్రోజన్, ఆక్సిజన్ అయాన్ల వెలుగుకు మూడు ఫిల్టర్లు వాడారు. గంధకానిదీ హైడ్రోజన్‌దీ మామూలు కంటికి రెండూ ఎరుపే. అలాగే అచ్చువేస్తే ఏది ఏదో తెలియదు. అందుకే తరంగం పొడవు వరుసలో గంధకానికి ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. రెండు ఎరుపులను విడదీసి చూపడానికి ఇంతకన్నా దారి లేదు. ఆ బొమ్మ కుడి పై మూలన మెట్లు మెట్లుగా నల్లటి ఖాళీ ఉంటుంది. ఆ కెమెరాలో నాలుగు గ్రాహకాలుండేవి, ఒకటి మాత్రం ఇంకా దగ్గరగా చూసేది. దాని బొమ్మను మిగతా మూడింటి కొలతకు కుదిస్తే మూలన ఆ ఖాళీ మిగిలింది. మీరు ఆ మూలను కత్తిరించి నల్ల రంగుతో పూడ్చేశారు. నేను సర్వీసులో ఉండగా ఇలాంటి పూడ్పులు చాలానే చేయించారు గానీ, ఈ ఒక్కదాన్ని ఉంచాల్సింది. అది టెలిస్కోప్ వేలిముద్ర.

కొమ్ముల సంగతీ అంతే. వెబ్ అద్దం 6.5 మీటర్లది, బంగారు పూత పూసిన 18 షట్కోణపు ముక్కలతో కూర్చింది. కాంతి ఆ షట్కోణపు అంచుల దగ్గర చెదరడం వల్ల ప్రకాశవంతమైన ప్రతి చుక్కకూ ఆరు పెద్ద కొమ్ములు వస్తాయి. చిన్న అద్దాన్ని మోసే మూడు కడ్డీల వల్ల వచ్చే చెదురులో ఎక్కువ భాగం వీటి మీదే పడేలా అమర్చారు. ఒక్క నిలువు కడ్డీ వల్ల మాత్రం అడ్డంగా రెండు చిన్నవి అదనంగా మిగిలాయి. హబుల్ చుక్కలకు నాలుగే కొమ్ములు. కింద పేరు లేకపోయినా కొమ్ములు లెక్కపెట్టి ఏ టెలిస్కోప్‌దో చెప్పవచ్చు. మనవాళ్లు దీన్ని గ్రాఫిక్స్ అనుకోవడం కొంచెం బాధగానే ఉంది.

ఇంతకీ కనిపించని కాంతితో ఎందుకు చూడాలి? 1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ సూర్యుణ్ని చూడటానికి రంగు అద్దాలు వాడుతూ, ఒక్కో రంగు అద్దం కింద ఒక్కో రకంగా వేడి తగులుతోందని గమనించాడు. పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి కొలిచాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనిపించని చోట పెట్టిన థర్మామీటరు అన్నిటికన్నా ఎక్కువ చూపింది. పరారుణ కాంతి అలా దొరికింది. ఫిల్టర్లతో పొట్టపోసుకున్న వాళ్లెవరికైనా ఆయన మీద అభిమానం పుట్టక తప్పదు.

నక్షత్రాలు పుట్టే మేఘాల బరువులో నూటికి ఒక వంతే దుమ్ము. మిగతాది హైడ్రోజన్, హీలియం. కానీ ఆ ఒక్క వంతే మొత్తం చూపును మూసేస్తుంది. దుమ్ము రేణువులు మైక్రాన్‌లో చిన్న భిన్నమంత ఉంటాయి. మన కంటికి కనిపించే కాంతి తరంగం పొడవూ ఇంచుమించు అంతే కాబట్టి రెండిటికీ గట్టిగా ఢీ కుదురుతుంది, కాంతి చెల్లాచెదురవుతుంది. తరంగం అంతకన్నా పొడవైతే రేణువును పెద్దగా పట్టించుకోకుండా దాటి వస్తుంది. దగ్గరి పరారుణం చేసేది ఇదే. ఇంకా పొడవైన తరంగాలకు వెళితే, ఆ దుమ్ము తనకున్న కొద్దిపాటి వెచ్చదనంతో తానే వెలుగుతూ కనబడుతుంది. ఒకటి తెర వెనక ఉన్నవాళ్లను చూపితే, రెండోది తెర నేతను చూపుతుంది.

ఇక ‘పేలుడు’. ఈ మాట తీసేయండి. నక్షత్రం చావులో పేలుడు ఉండవచ్చు, పుట్టుకలో జరిగేది లోపలికి కూలడం. ఈ మేఘాల ఉష్ణోగ్రత సున్నాకు 260 డిగ్రీల సెల్సియస్ దిగువన ఉంటుంది. అంత చలి ఉండబట్టే వాయువు ఎదురుతిరిగి వ్యాకోచించలేకపోతుంది, గురుత్వాకర్షణది పైచేయి అవుతుంది. చిక్కటి గడ్డ ఒకటి తన బరువుకు తానే కుంగుతుంది. కుంగేకొద్దీ వేగంగా తిరుగుతుంది, చుట్టూ చదునైన పళ్లెం ఏర్పడుతుంది, పైకీ కిందకీ ధారలు చిమ్ముతుంది. నడిమధ్య ఉష్ణోగ్రత కోటి డిగ్రీల దాకా చేరితే హైడ్రోజన్ కలయిక (హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియంగా మారడం) మొదలై అది నక్షత్రమవుతుంది. మన సూర్యుడంతటి దానికి ఈ మొత్తం ప్రయాణం సుమారు 5 కోట్ల ఏళ్లు. పేలుడు గొడవ ఒకటి ఈ స్తంభాల చుట్టూ నిజంగానే నడిచింది. స్పిట్జర్ పరారుణ టెలిస్కోప్ చూపిన వేడి దుమ్మును బట్టి, ఒక సూపర్‌నోవా (భారీ నక్షత్రం చచ్చేటప్పటి పేలుడు) తాకిడికి స్తంభాలు ఎప్పుడో కూలిపోయి ఉంటాయని 2007లో కొందరు అన్నారు. తర్వాత చాలామంది ఒప్పుకోలేదు. 2015లో చిలీలోని పెద్ద టెలిస్కోప్‌తో చేసిన కొలతల ప్రకారం స్తంభాలలో 200 సూర్యుల బరువుంది, పది లక్షల ఏళ్లకు 70 సూర్యులంత చొప్పున తరిగిపోతోంది. ఆ లెక్కన మరో 30 లక్షల ఏళ్లు ఉంటాయి. మీ తర్వాతి దిద్దుబాటు ప్రకటనకు తొందరేమీ లేదన్నమాట.

పుట్టుకను దగ్గరగా చూడాలంటే స్తంభాల కన్నా మంచి బొమ్మ ఒకటుంది. వృషభ రాశి దిక్కున 460 కాంతి సంవత్సరాల దూరంలో ఎల్1527 అనే పసి నక్షత్రం. వెబ్ బొమ్మను 2022 నవంబరు 16న విడుదల చేశారు. ఇసుక గడియారంలా పైన ఒక గిన్నె, కింద ఒక గిన్నె, మధ్యలో సన్నటి మెడ. వయసు సుమారు లక్ష ఏళ్లు. లోపల హైడ్రోజన్ కలయిక ఇంకా మొదలుకాలేదు. నక్షత్రం మనకు కనిపించదు. దాని వెలుగు మెడ పైనా కిందా ఉన్న దారుల్లోంచి బయటకు వచ్చి దుమ్మును వెలిగిస్తుంది, మనం చూసేది ఆ గిన్నెలనే. దుమ్ము పలుచగా ఉన్నచోట నీలం తప్పించుకు వస్తుంది, దళసరిగా ఉన్నచోట నీలం ఆగిపోయి నారింజ రంగు మిగులుతుంది. అంటే ఆ రంగుల్లోనే దుమ్ము మందం రాసి ఉంది. సరిగ్గా మెడ మధ్యన వెంట్రుకలాంటి నల్లని అడ్డగీత ఒకటి ఉంటుంది. బొమ్మ మొత్తానికి ప్రాణం ఆ గీత. మన సౌరకుటుంబమంత వెడల్పున్న దుమ్ము పళ్లేన్ని మనం పక్క నుంచి చూస్తున్నాం. రేపు గ్రహాలు కట్టేది దానిలోంచే. ఆ బొమ్మను మీరూ ఒకప్పుడు వేశారు, నా దగ్గర కటింగ్ ఉంది. భూతద్దం పెట్టి వెతికాను, గీత లేదు. న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుంటుంది, చుక్కలు ఉబ్బుతాయి, సన్నటి గీత ఏదైనా పక్కన ఉన్న చుక్కల్లో కలిసిపోతుంది. రెండు కాలమ్‌ల బొమ్మను ఒక కాలమ్‌కు కుదించినప్పుడు ఇది జరిగి తీరుతుంది. ఆ ఒక్కదాన్ని పెద్దగా వేసి, మెడ దగ్గర ఒక బాణం గుర్తు పెట్టి ఉంటే, పిల్లలు చూసి ఉండేవారు.

కొలత మాటకొస్తే, సృష్టి స్తంభాలు మనకు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఎడమవైపు పెద్ద స్తంభం పొడవు నాలుగు కాంతి సంవత్సరాలు, అంటే దాదాపు 38 లక్షల కోట్ల కిలోమీటర్లు. ఈ అంకె వేస్తే ఎవరికీ ఏమీ బోధపడదని నాకూ తెలుసు. నేను నా పద్ధతిలో లెక్క వేసుకున్నాను. మీ పేజీ మీద ఆ స్తంభం ఇంచుమించు పది సెంటీమీటర్లు వచ్చింది. దినపత్రిక అచ్చులో అంగుళానికి వంద గీతల స్క్రీన్ (అంటే వంద వరుసల చుక్కలు) అనుకుంటే ఒక్కో చుక్క పావు మిల్లీమీటరు. అలాంటి ఒక్క చుక్కలో నెప్ట్యూన్ కక్ష్యను పది సార్లు పక్కపక్కన పేర్చవచ్చు. సూర్యుడికీ భూమికీ మధ్యనున్న 15 కోట్ల కిలోమీటర్లు ఆ పేజీ మీద అర మైక్రాన్ కూడా ఉండదు. దాన్ని అచ్చువేసే మెషిన్ ఇంకా పుట్టలేదు.

ఆ పాఠకుడి అనుమానంలో న్యాయమైన భాగం కూడా ఉంది, దాన్ని దాటవేయకూడదు. టెలిస్కోప్ నుంచి దిగిన బొమ్మను తెర మీద వేస్తే దాదాపు నల్లగా ఉంటుంది. మసక భాగానికీ ప్రకాశవంతమైన భాగానికీ మధ్య తేడా అంత ఎక్కువ. దాన్ని సాగదీసి, మసక వివరాలు పైకి తేవాలి. బాగా వెలిగే నక్షత్రాల నడుమ గ్రాహకం నిండిపోయి నల్లటి రంధ్రాలు పడతాయి, వాటిని పూడ్చాలి. ఎంత సాగదీయాలి, ఏ ఫిల్టరుకు ఎంత బరువివ్వాలి అన్నచోట మనిషి కన్ను పనిచేస్తుంది, అభిరుచి పనిచేస్తుంది. ఆ పని చేసిన జోసెఫ్ డీపాస్కల్, అలీసా పగాన్, ఆంటన్ కూక్‌మోయర్ పేర్లు అక్టోబరు 19 బొమ్మ క్రెడిట్ లైనులోనే ఉంటాయి. దాచిందేమీ లేదు. మన దగ్గర క్రెడిట్ లైనును స్థలం చాలక ముందు కోసేస్తారు. సెపరేషన్ చేసినవాడి పేరు ఏ పోస్టరు మీదా పడని కాలంలో పనిచేసినవాణ్ని, అక్కడ పడటం చూసి నాకు సంతోషం కలిగింది.

పైన చెప్పినవన్నీ మీరు కొత్తగా సంపాదించాల్సిన పని లేదు. చాలా వెబ్ బొమ్మలతో పాటు నాసా వాళ్లే వివరాలున్న ఇంకో కాపీ విడుదల చేస్తారు. దాని మీద ఉత్తరం, తూర్పు దిక్కుల బాణాలు, కాంతి సంవత్సరాలలో కొలబద్ద, అడుగున ఏ ఫిల్టరుకు ఏ రంగిచ్చారో పట్టీ ఉంటాయి. తూర్పు ఎడమ చేతివైపు ఉందేమిటని మళ్లీ ఎవరైనా లేఖ రాస్తారేమో. మనం నేలను కిందికి చూడటం లేదు, తలెత్తి ఆకాశాన్ని చూస్తున్నాం కాబట్టి అలా ఉంటుంది. ఆ పట్టీని తెలుగులో తిరగరాసి అర అంగుళం వేస్తే చాలు. ఆ అర అంగుళం కోసం ‘అబ్బురపరుస్తున్న’ను త్యాగం చేయవచ్చు.

చివరగా మన తెలుగు నేల సంగతి ఒకటి. పరారుణ టెలిస్కోపులకు గాలి శత్రువు. గాలిలోని నీటి ఆవిరి ఆ కాంతిని చాలావరకు మింగేస్తుంది, గాలీ టెలిస్కోపూ రెండూ తమ వెచ్చదనంతో అదే కాంతిని వెదజల్లుతాయి. అందుకే పైకి పంపాలి, చల్లగా ఉంచాలి. 1983లో ఎగిరిన ఐరాస్ అనే పరారుణ టెలిస్కోప్‌ను చల్లబరిచే ద్రవ హీలియం పది నెలలలో అయిపోయింది. 2003లో వెళ్లిన స్పిట్జర్‌కు 2009 మే దాకా వచ్చింది, ఆ హెర్షెల్ పేరే పెట్టి 2009లో పంపిన టెలిస్కోప్‌కు 2013 ఏప్రిల్‌లో నిండుకుంది. వెబ్ 15 లక్షల కిలోమీటర్ల దూరాన అయిదు పొరల తెర చాటున నిలబడి సున్నాకు 230 డిగ్రీల దిగువకు చల్లబడింది. ఇవన్నీ మీరు ఎప్పుడో ఒకప్పుడు రాసినవే. ఇదే పని హైదరాబాదు నుంచి జరిగిందన్నది మాత్రం మీ పేజీల్లో నాకు ఎక్కడా కనబడలేదు. ఈసీఐఎల్ దగ్గర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి ఒక మీటరు అద్దమున్న పరారుణ టెలిస్కోప్‌ను పెద్ద బెలూన్‌కు కట్టి, నీటి ఆవిరిని దాదాపు మొత్తం కిందికి వదిలేసి, 30 కిలోమీటర్లకు పైన ఎగరేశారు. వంద మైక్రాన్లు దాటిన దూర పరారుణంలో, నక్షత్రాలు పుట్టే మేఘాలలోని చల్లని దుమ్మును కొలిచారు. మావైపు గొల్లకావడి అనే మూడు చుక్కలకు కాస్త దిగువన ఉన్న ఓరియన్ మేఘాలలో ఆ దుమ్ము ఎలా పరుచుకుందో వేసిన పటాలు 2000లో శాస్త్ర పత్రికలో వచ్చాయి. జపాన్ వాళ్లు కాంతిని తరంగాల వారీగా విడదీసి కొలిచే తమ స్పెక్ట్రోమీటరును తెచ్చి అదే టెలిస్కోప్‌కు బిగించి, 158 మైక్రాన్ల దగ్గర కార్బన్ వెలుగును పట్టారు.

తెలుగు పత్రికలకు ఆ కేంద్రం ఒక్క రూపంలోనే తెలుసు: ‘బెలూన్ పరికరాలు పారాచూట్‌తో దిగితే ముట్టుకోవద్దు, దగ్గరలోని పోలీసు స్టేషన్‌కు తెలపండి’ అన్న ప్రకటన. 2022 డిసెంబరులో వికారాబాద్ జిల్లా పొలాల్లో ఒక పరికరం దిగితే గ్రహాంతరవాసుల వాహనమేమోనని జనం ఎగబడ్డారు, మీరూ ఫొటో వేశారు. ఈసారి ఆ ప్రకటన వచ్చినప్పుడు పక్కన చిన్న పెట్టె కట్టి ఓరియన్ పని గురించి రాయండి. దానికి కళ్లు చెదిరే బొమ్మ దొరకదు, ఆ పటాలు గీతలతో వేసిన కాంటూర్లు. నలుపు తెలుపే. ఒక్క ప్లేటుతో పోతుంది.

ఇట్లు,
రిటైర్డ్ కలర్ సెపరేషన్ ఆపరేటర్,
విజయవాడ